పోలిష్ పార్టుల్లోని సూచనలను ఇంగ్లీషులోకి మార్చడం: ఏది మార్చాలి, ఏది వదిలేయాలి

మీ ప్రశ్నను నాకు అర్థమైనంతలో ముందుగా చెబుతాను. మీరు ఉద్యోగరీత్యా మూడేళ్లు పోలండ్‌లోని వ్రొత్స్వాఫ్‌లో ఉండి పోలిష్ నేర్చుకున్నారు, ఇప్పుడు అమెరికాలో ఒక ఔత్సాహికుల ఆర్కెస్ట్రాలో వయోలా వాయిస్తున్నారు. వచ్చే కచేరీ కోసం పోలండ్ నుంచి అద్దెకు తెప్పించిన పార్టుల్లో (ఒక్కో వాద్యానికి విడిగా ఉండే నోట్స్ కాగితాల్లో) సూచనలు సగం ఇటాలియన్‌లోనూ సగం పోలిష్‌లోనూ ఉన్నాయి. ఆ భాష తెలిసినవారు మీరొక్కరే కాబట్టి కండక్టర్ ఆ పని మీకు అప్పగించారు. కంప్యూటర్‌తో అనువాదం చేయించి చూస్తే టింపనీ (పెద్ద గిన్నె ఆకారపు డ్రమ్ములు) పార్టు మీద ‘బాయిలర్లు’ అనీ, మీ వయోలా పార్టులో ‘సైలెన్సర్‌తో’ అనీ వచ్చింది. అన్నింటినీ ఇంగ్లీషులోకి మార్చాలా, మారిస్తే ఏ పద్ధతిలో అన్నది మీ సందేహం. చివర్లో, మీ పార్టు మీద ఎవరో పెన్సిల్‌తో రాసిన ‘ఒకులారి’ అనే మాట గురించి కూడా అడిగారు.

సూటిగా చెప్పాలంటే, ప్రతి పోలిష్ మాటకూ ఇంగ్లీషు మాట రాయకండి. ఇటాలియన్‌లో స్థిరపడిన మాట దొరికే చోట ఇటాలియనే రాయండి. ఫలానా పని చేయమని వాక్యంగా చెప్పిన సూచనలను పొట్టి ఇంగ్లీషు వాక్యాలుగా మార్చండి. నృత్యాల పేర్లను, భావాన్ని తెలిపే కొన్ని మాటలను పోలిష్‌లోనే ఉంచి పక్కన ఇంగ్లీషు అర్థం ఇవ్వండి. స్వరాల పేర్లను మాత్రం ఒక్కటి కూడా వదలకుండా మార్చి తీరాలి, ఎందుకంటే కచేరీ చెడిపోయేంత ప్రమాదం ఉన్నది అక్కడే.

నేను పద్నాలుగేళ్లుగా బ్రిటన్‌లో ఆర్కెస్ట్రాలకు పార్టులు సిద్ధం చేసే పనిలో ఉన్నాను, అంతకుముందు పోలండ్‌లో చదువుకున్నాను. కింద చెప్పేదంతా ఆ పనిలో నేర్చుకున్నదే, కొంత చేతులు కాల్చుకుని నేర్చుకున్నది. పోలిష్ మాటలను ఉచ్చారణకు దగ్గరగా తెలుగు లిపిలో రాస్తున్నాను, మీకు అసలు వర్ణక్రమం తెలుసు కాబట్టి పోల్చుకోగలరు.

మొదటగా ఇటాలియన్ సంగతి. ‘స్ త్వుమికియెమ్’ అంటే మ్యూట్ (ధ్వనిని మెత్తబరిచే చిన్న సాధనం) పెట్టి అని, ‘బెస్ త్వుమికా’ అంటే మ్యూట్ లేకుండా అని అర్థం. త్వుమిక్ అనే మాటకు కారు సైలెన్సర్ అనే అర్థం కూడా ఉంది, కంప్యూటర్ పట్టుకున్నది దాన్నే. దీన్ని ‘విత్ మ్యూట్’ అని ఇంగ్లీషులో రాస్తే తప్పేమీ లేదు, కానీ మీ ఆర్కెస్ట్రాలో ప్రతి వాద్యకారుడూ చిన్నప్పటి నుంచి ‘కోన్ సోర్దీనో’ అనే చదివాడు. ఆ మాట కంట పడగానే చెయ్యి దానంతటదే మ్యూట్ మీదికి వెళ్తుంది, చదివి అర్థం చేసుకునే క్షణం కూడా పట్టదు. అలాగే ‘స్మిచ్కియెమ్’ కనబడితే ‘ఆర్కో’ అని, ‘డ్జెఫ్త్సెమ్ స్మిచ్కా’ (విల్లు కర్రతో) కనబడితే ‘కోల్ లెన్యో’ అని, ‘ఫ్షిస్త్సి’ (అందరూ) కనబడితే ‘తుత్తి’ అని రాయండి. తెలుగువారికి ఇక్కడ ఒక సౌకర్యం ఉంది: స్మిచెక్ అంటే విల్లు, స్మిచ్కియెమ్ అంటే విల్లుతో. మన ‘తో’ చేసే పనిని అక్కడ మాట చివరి భాగమే చేస్తుంది, కాబట్టి పార్టులో ఒక్క నామవాచకమే ఉన్నా దాని చివర చూసి అది వాయించే సాధనమని పోల్చుకోవడం మనకు కష్టం కాదు. తాళవాద్యాల పార్టులో ఇది బాగా పనికొస్తుంది, ఏ పుల్లతో కొట్టాలో, బ్రష్‌తో కొట్టాలో అంతా ఆ విభక్తిలోనే ఉంటుంది.

ఈ పద్ధతికి ఒక మినహాయింపు ఉంది. ‘ప్షి పొత్‌స్తావ్కు’ అంటే బ్రిడ్జికి (తీగలను ఎత్తి పట్టే చిన్న చెక్కకు) దగ్గరగా, ‘నా పొత్‌స్తావ్కు’ అంటే సరిగ్గా బ్రిడ్జి మీదనే. ఇటాలియన్‌లో ‘సుల్ పొంతిచెల్లో’ అన్న మాటకు అక్షరార్థం బ్రిడ్జి మీద అనే, కానీ ఆచరణలో అందరూ దగ్గరగానే వాయిస్తారు. పాత తరహా రచనల్లో రెండింటికీ ఆ మాటే సరిపోతుంది. 1960ల నాటి పోలిష్ రచనల్లో అలా కలిపేస్తే రచనే మారిపోతుంది. పోలిష్ స్వరకర్త పెండెరెత్స్కి 52 తంత్రీవాద్యాల కోసం రాసిన హిరోషిమా మృతుల స్మృతి రచనలో బ్రిడ్జి మీద వాయించడం వేరు, బ్రిడ్జికీ టెయిల్‌పీసుకూ (తీగల కింది చివరలు కట్టే పలకకూ) మధ్య వాయించడం వేరు, టెయిల్‌పీసు మీదనే వాయించడం వేరు, ఒక్కొక్కదానికి ఒక్కో గుర్తు ఉంది. అటువంటి చోట ఇటాలియన్‌ను పక్కన పెట్టి ‘ఆన్ ద బ్రిడ్జ్’, ‘బిట్వీన్ బ్రిడ్జ్ అండ్ టెయిల్‌పీస్’ అని విడివిడిగా ఇంగ్లీషులో రాయాలి.

వాద్యాల పేర్ల విషయంలో ఎక్కువ చెప్పనక్కర్లేదు, ఏ సంగీత నిఘంటువులోనైనా ఉంటాయి. కొన్ని ఉచ్చులు మాత్రం గుర్తుంచుకోండి. ‘కొత్వి’ అంటే మామూలు పోలిష్‌లో బాయిలర్లు, కాగులు, ఆర్కెస్ట్రాలో టింపనీ. ‘తలెజె’ అంటే భోజనం పళ్లేలు, ఇక్కడ సింబల్స్. ‘గ్రిఫ్’ అంటే గద్ద తల, సింహం ఒళ్లు ఉన్న పురాణ జంతువు, వయొలిన్ మెడకూ అదే పేరు. ‘నా గ్రిఫ్యె’ (మెడ మీద విల్లు వేసి) అని ఉంటే ‘సుల్ తాస్తో’ అని రాయండి. ‘స్క్షిప్త్సె’ అన్న మాట మన నీళ్లు, పాలు లాంటిది, దానికి ఏకవచనమే లేదు. అందుచేత ‘స్క్షిప్త్సె సోలో’ అని ఉంటే అది ఒక్క వయొలినే, బహువచనం రాసి ఇద్దరిని లేపకండి. ‘జ్వొన్కి’ అంటే గ్లాకెన్‌ష్పీల్ (చిన్న లోహపు పట్టీల వాద్యం), ‘జ్వొని’ అంటే పెద్ద గంటలు, సాధారణంగా గొట్టపు గంటలు. కంప్యూటర్ రెండింటినీ ‘బెల్స్’ అనేస్తుంది, కచేరీకి ఏ వాద్యం అద్దెకు తేవాలన్నది దాని మీద ఆధారపడి ఉంటుంది కాబట్టి తాళవాద్యకారులకు ఈ ఒక్క సంగతి ముందే చెప్పండి.

ఇప్పుడు స్వరాల పేర్లు. పోలిష్ వారు జర్మన్ పద్ధతి వాడతారు: వారి బి అంటే ఇంగ్లీషులో బి ఫ్లాట్ (బి కంటే అర స్వరం కింద), వారి హెచ్ అంటే ఇంగ్లీషులో బి. షార్ప్‌కు (అర స్వరం పైన) ‘ఇస్’ చేర్చి ఫిస్, త్సిస్ (చిస్ కాదు), గిస్ అంటారు. ఫ్లాట్‌కు ‘ఎస్’ చేర్చి దెస్, గెస్ అంటారు, ఇ ఫ్లాట్‌ను ఎస్ అనీ, ఎ ఫ్లాట్‌ను ఆస్ అనీ అంటారు. ఆస్ అన్నది రోమన్ లిపిలో ఇంగ్లీషులోని ‘యాజ్’ లాగే కనిపిస్తుంది కాబట్టి హడావిడిలో చూసేవారికి అది స్వరమనే తోచదు. మేజర్‌ను దుర్, మైనర్‌ను మోల్ అంటారు.

ఈ పనికి వచ్చిన తొలి ఏడాది నాకు జరిగింది చెబుతాను. ఒక యువ ఆర్కెస్ట్రా కోసం పార్టులు సిద్ధం చేస్తూ, హెచ్ అని ఉన్న చోటల్లా శ్రద్ధగా బి అని దిద్దాను. హెచ్ అనే స్వరం ఇంగ్లీషులో లేదు కాబట్టి అది కంటికి గుచ్చుకుంటుంది, ఎవరూ దాన్ని వదిలిపెట్టరు. టింపనీ పార్టు పైన శ్రుతి చేసుకోవలసిన స్వరాలు ఎఫ్, బి, ఎస్ అని ఉన్నాయి. ఎస్‌ను ఇ ఫ్లాట్ చేశాను, ఎఫ్ జోలికి పోలేదు, బి చూడడానికి సరిగ్గానే ఉంది కాబట్టి దాన్ని అలాగే ఉంచాను. రిహార్సల్‌లో టింపనీ వాయించే అమ్మాయి రాసినది రాసినట్టే బి నాచురల్‌కు శ్రుతి చేసుకుంది. ఇత్తడి వాద్యాలన్నీ బి ఫ్లాట్ మీద దిగిన చోట ఆమె అర స్వరం పైన గట్టిగా ఒక దెబ్బ వేసింది. కండక్టర్ ముందు ట్యూబా వైపు చూశారు, తర్వాత నాలుగు బార్లు (తాళం ఆవృత్తాలు) వెనక్కి వెళ్లి మళ్లీ వాయింపించారు, మళ్లీ అదే దెబ్బ. ఆ అమ్మాయి తన పార్టు ఎత్తి చూపించింది, దాని మీద ఉన్నది నా చేతిరాత. అప్పటి నుంచి నేను ముందు బి అక్షరాలన్నింటినీ వెతికి మార్చి, ఆ తర్వాతే హెచ్ జోలికి వెళ్తున్నాను. ఆ వరుసకు ఇంకో లాభం కూడా ఉంది: ముందు హెచ్‌ను బి చేసి, తర్వాత బి లన్నింటినీ బి ఫ్లాట్ చేస్తే రెండూ కలిసిపోతాయి. క్లారినెట్, ట్రంపెట్ పార్టుల తలకట్టు మీద ఉండే బి కి కూడా ఇదే వర్తిస్తుంది, అది బి ఫ్లాట్ వాద్యమే.

స్థాయి అంకెలు కూడా చూసుకోండి. పోలిష్ పార్టులో మధ్య సి ని చిన్న సి అక్షరం పక్కన పైన 1 వేసి రాస్తారు, అమెరికాలో దాన్ని సి4 అంటారు. అంటే పోలిష్ అంకెకు 3 కలపాలి: అక్కడ 3 ఉంటే ఇక్కడ సి6. మీ పార్టుల్లో ఇది ఎక్కువగా రాకపోవచ్చు, కానీ ముందుమాటలో ‘ఫలానా స్వరం కంటే పైన’ అని ఉన్నప్పుడు తప్పకుండా అవసరపడుతుంది.

నాకు ఎక్కువ ఇష్టమైన భాగం, కొత్తవారు ఎక్కువగా పడిపోయే భాగం, మాట సరిగ్గానే అనువదించినా సంగీతంలో అర్థం తారుమారయ్యే చోట్లు. ‘రెష్తా’ అన్న మాట చూడండి. తంత్రీవాద్యాల్లో మొదటి ఇద్దరు సోలో వాయిస్తుంటే మిగతావారి వరుస మీద రెష్తా అని రాస్తారు, అంటే మిగిలినవారు. దీనికి ఇంగ్లీషులో సహజంగా తట్టే మాట ‘ద రెస్ట్’. నోట్స్ కాగితం మీద రెస్ట్ అంటే వాయించకుండా ఉండడం. మిగిలినవారు వాయించాలని చెప్పే మాట వారిని ఆపేసే మాటగా మారుతుంది. ఎప్పుడూ ‘అదర్స్’ అనే రాయండి. దీనికి ఎదురుగా ‘పౌజా’ ఉంది. పోలిష్‌లో పౌజా అంటే రెస్టే, కానీ చూడగానే ‘పాజ్’ అని రాయాలనిపిస్తుంది, బ్రిటిష్ వాద్యకారులకు పాజ్ అంటే ఫెర్మాటా, స్వరాన్ని నిలబెట్టి ఉంచడం. మౌనంగా ఉండవలసినవాడు స్వరాన్ని సాగదీస్తాడన్నమాట.

‘నా ద్వా’, ‘నా రాస్’ అన్నవి కండక్టర్ చెయ్యి ఎలా వేస్తారో చెప్పే మాటలు: బార్‌కు రెండు దెబ్బలు, బార్‌కు ఒక దెబ్బ. ఇంగ్లీషులో ‘ఇన్ టు’, ‘ఇన్ వన్’ అనాలి. నా రాస్ ను కంప్యూటర్ ‘ఒక్కసారిగా’ అని అనువదిస్తుంది, ఎందుకంటే కలిపి ఒకే మాటగా రాస్తే దానికి ఆ అర్థమే. నా ద్వా ను 2 అంకెతో రాసినప్పుడు మరీ ప్రమాదం, ఇటాలియన్‌లోని ‘ఆ దూయె’ అనుకుని ఇద్దరు ఫ్లూట్‌వారూ కలిసి వాయించేస్తారు. ఇద్దరూ కలిసి అని పోలిష్‌లో చెప్పాలంటే ‘వె ద్వుహ్’ అని గానీ ‘రాజెమ్’ అని గానీ రాస్తారు.

‘వుక్’ అంటే బాణం వేసే విల్లు, ధనురాకారం; సంగీతంలో స్వరాలను కలిపే వంపు గీత, అంటే స్లర్. వయొలిన్ విల్లుకు పోలిష్‌లో వేరే మాట ఉందని పైన చూశాం. ఇంగ్లీషులో రెండు విల్లులూ ‘బౌ’ యే, మన తెలుగులో కూడా అంతే. అందుచేత ‘ఒకే వుక్ కింద’ అన్న సూచనను ‘ఒకే బౌలో’ అని అనువదిస్తారు. తంత్రీవాద్యాలకు ఒక స్లర్ అంటే మామూలుగా ఒక బౌ కాబట్టి ఆ తప్పు అక్కడ బయటపడదు. అదే మాట ఓబో పార్టులో వచ్చినప్పుడు వాద్యకారుడు మిమ్మల్ని చూసి నవ్వుతాడు. ‘పుల్పిత్’ ఇంగ్లీషులో చర్చి వేదిక, ఇక్కడ ఇద్దరు పంచుకునే స్టాండు. మీ అమెరికాలో ‘స్టాండ్’, మా బ్రిటన్‌లో ‘డెస్క్’. ‘తక్త్’ అంటే బార్, మీకు మెజర్. ‘త్సిఫ్రా’ అంటే అంకె, ఇక్కడ రిహార్సల్ నంబరు. ‘గ్వొస్’ అంటే గొంతు, కానీ ‘గ్వొసి’ అని పార్టుల సంచి మీద ఉంటే అవి గాయకులవి అనుకోకండి, ఆర్కెస్ట్రా పార్టులే.

వాక్యరూపంలో ఉన్న సూచనల్లో పోలిష్ క్రియ సాధారణంగా తుమున్నంత రూపంలో ఉంటుంది, మన పాత పుస్తకాల్లో ‘తీయవలెను’, ‘వాయింపవలెను’ అన్నట్టు ఎవరినీ ఉద్దేశించకుండా. దాన్ని ఇంగ్లీషులో ‘టు ప్లే’ అని రాయకండి, ‘ప్లే’ అంటే చాలు, చాలాచోట్ల అది కూడా అక్కర్లేదు. ‘గ్రాచ్ యాక్ నయ్‌షిప్చెయ్’ అన్న సూచన కొత్త సంగీతంలో తరచుగా వస్తుంది. ఆఫీసు ఉత్తరాల్లో యాక్ నయ్‌షిప్చెయ్ అంటే వీలైనంత త్వరగా పంపండి అని. మీరు వ్రొత్స్వాఫ్‌లో రోజుకు పదిసార్లు విని ఉంటారు, అందుకే మీకు ఆ అర్థమే ముందు తట్టే ప్రమాదం ఉంది. ఇక్కడ వీలైనంత వేగంగా వాయించండి అని అర్థం, వీలైనంత త్వరగా మొదలుపెట్టండి అని కాదు. ‘మొజ్లివ్యె చిహొ’ కూడా అలాంటిదే, వీలైనంత తక్కువ ధ్వనితో అని అర్థమైతే కంప్యూటర్ ‘బహుశా తక్కువ ధ్వనితో’ అంటుంది.

పోలిష్ క్రియలో పూర్తయిన పనికీ, సాగుతున్న పనికీ ఉన్న తేడాను వదలకండి. ‘జ్వొల్నిచ్’ అంటే వేగం తగ్గించి కొత్త వేగంలో నిలబడడం, ‘జ్వాల్న్యాచ్’ అంటే తగ్గిస్తూ పోవడం. తెలుగులో తగ్గించి, తగ్గిస్తూ అన్నంత స్పష్టమైన తేడా ఇది, ఇంగ్లీషులో మాత్రం రెండింటికీ ‘స్లో డౌన్’ అనే వస్తుంది. మొదటిదానికి ‘మేనో మోస్సో’, రెండోదానికి ‘రితార్దాందో’ రాస్తే వాద్యకారులు సరిగ్గా వాయిస్తారు. అయితే ప్రతులు రాసేవారందరూ వ్యాకరణం పట్టించుకునేవారు కాదు, కాబట్టి తర్వాతి బార్లలో కొత్త వేగం అంకె ఉందా, ‘ఆ తెంపో’ (మళ్లీ పాత వేగానికి) అని ఉందా చూసి నిర్ణయించుకోండి. ‘త్సొరాస్’ అన్న మాట మన ‘అంతకంతకూ’ తో సరిగ్గా సరిపోతుంది: త్సొరాస్ చిషెయ్ అంటే అంతకంతకూ ధ్వని తగ్గిస్తూ. దానికి ‘దిమినుఎందో’ అని రాస్తే చాలు.

కాలమానం, స్వరాంతరాల పేర్లలో అమెరికావారికి ప్రత్యేకంగా ఒక చిక్కు ఉంది. ‘చ్వెర్చ్‌నుతా’ అంటే క్వార్టర్ నోట్, ‘చ్వెర్చ్‌తొన్’ అంటే క్వార్టర్ టోన్. బ్రిటన్‌లో మొదటిదాన్ని క్రాచెట్ అంటారు కాబట్టి మాకు గొడవ లేదు. మీ వాళ్లు మసక వెలుతురులో టోన్‌ను నోట్ అని చదివితే పావు స్వరం పెంచవలసినవారు పావు నోట్ సేపు వాయిస్తారు. క్వార్టర్ నోట్ అని రాయవలసిన చోట మాట రాయకుండా ఆ నోట్ బొమ్మనే గీయమని నా సలహా.

విల్లు కింద పట్టుకునే భాగాన్ని పోలిష్‌లో ‘జాప్కా’ అంటారు, చిన్న కప్ప అని అర్థం. ఇంగ్లీషులో కూడా ‘ఫ్రాగ్’ అంటారు కాబట్టి నవ్వు తెప్పించినా ఇది సరైన అనువాదమే. పాత బ్రిటిష్ అనువాదాల్లో దీన్ని ‘నట్’ అనేవారు. అమెరికాలో నట్ అంటే తీగలు ఆనే మెడ పైభాగం గుర్తుకొస్తుంది. ముందుమాటలో ఇంగ్లీషు అనువాదం ముందే అచ్చయి ఉన్న స్కోరు (అన్ని పార్టులూ కలిపి ఉండే పుస్తకం) మీ చేతికి వస్తే సంతోషించండి, కానీ ఇలాంటి మాటలను మీ ఆర్కెస్ట్రా భాషకు సరిదిద్దకుండా వదలకండి.

పోలిష్ స్వరకర్త లుతొస్వావ్‌స్కి రచనలు మీ కార్యక్రమంలో ఉన్నాయో లేదో మీరు రాయలేదు. ఉంటే ఒక సంగతి. 1961 నాటి ‘వెనిస్ క్రీడలు’ నుంచి ఆయన కొన్ని భాగాల్లో వాద్యకారులు ఎవరి వేగంలో వారు వాయించే పద్ధతి వాడారు. ఆ భాగాలకు ‘అద్ లిబితుమ్’ అనీ, కండక్టర్ చేతితో నడిచే భాగాలకు ‘ఆ బత్తూతా’ అనీ రాశారు. అద్ లిబితుమ్ చూసి ఇష్టమైతే వాయించవచ్చు, లేకపోతే మానేయవచ్చు అనుకునే వాద్యకారులను నేను చూశాను. ఇక్కడ స్వరాలన్నీ రాసినవే, స్వేచ్ఛ పక్కవారితో కలవనక్కర్లేని కాలంలో మాత్రమే. ఆ మాటలను మార్చకండి, కానీ మీరు ఇచ్చే పదాల పట్టికలో ఈ ఒక్క వాక్యం వివరణ తప్పక చేర్చండి.

భావపదాల గురించి నా అభిప్రాయం కొంత మొండిది. ‘జెవ్న్యె’ అన్న మాటకు తెలుగులో ‘ఆర్ద్రంగా’ అని ఒక్క మాటలో చెప్పగలం. ఇంగ్లీషులో నేను పదేళ్లుగా వెతుకుతున్నాను, ‘విస్ట్‌ఫుల్లీ’ లో తడి లేదు, ‘టియర్‌ఫుల్లీ’ అంటే ఏడుపు ఎక్కువైపోతుంది. ‘తెంస్క్న్యె’ అంటే దూరమైనదాని కోసం బెంగతో. ‘స్కొచ్న్యె’ అంటే గెంతుతున్నట్టు. ‘జార్స్కొ’ అంటే హుషారుగా, కొంచెం రొమ్ము విరుచుకుని. వీటిని పార్టులో పోలిష్‌లోనే ఉంచి, మొదటిసారి వచ్చినప్పుడు కింద చిన్న వాలు అక్షరాల్లో ఇంగ్లీషు అర్థం ఇవ్వండి. గొరెత్స్కి 1976లో రాసిన మూడో సింఫనీ పేరులో ఉన్న ‘జవోస్ని’ అన్న విశేషణానికి ఇంగ్లీషులో ‘సారోఫుల్’ స్థిరపడింది. పోలిష్ మాటలో శోకంతో పాటు జాలి గొలపడం కూడా ఉంది, అయినా స్థిరపడినదాన్ని కదపడం వల్ల ఉపయోగం లేదు. నృత్యాల పేర్లు, మజుర్, కుయావ్యాక్, ఒబెరెక్, క్రకొవ్యాక్ వంటివి, అనువదించే ప్రశ్నే లేదు. కిలార్ 1974లో రాసిన ‘క్షెసానీ’ పేరు తత్రా కొండల నృత్యానిది, నిప్పురవ్వలు రాల్చడం అన్న క్రియ నుంచి వచ్చినది, ప్రపంచమంతటా ఆ పేరుతోనే వాయిస్తారు.

చేతిరాత ప్రతుల విషయంలో రెండు జాగ్రత్తలు. పోలిష్‌వారు 1 అంకెను పైకి పొడుగాటి గీతతో మొదలుపెట్టి రాస్తారు, అలవాటు లేనివారికి అది 7 లా కనిపిస్తుంది. వారి 7 కు నడుమ అడ్డగీత ఉంటుంది, ఆ గీత లేకపోతే 1 అనుకోండి. 11 బార్ల మౌనాన్ని 77 అని లెక్కపెట్టిన బసూన్ మనిషి నాకు తెలుసు, పాపం చివరి దాకా లెక్కపెడుతూనే ఉన్నాడు. అలాగే చుక్క ఉన్న జెడ్ అక్షరాన్ని చేతిరాతలో అడ్డగీతతో రాసేవారున్నారు. ‘స్క్రుత్’ అని పెన్సిల్‌తో ఉంటే సంక్షేపాక్షరం అని కాదు, అక్కడి నుంచి కొంత భాగం వదిలేశారని. అది పాత ఆర్కెస్ట్రా నిర్ణయమే తప్ప రచయితది కాకపోవచ్చు, మీ కండక్టర్‌ను అడగకుండా దాన్ని అనువదించి ప్రాణం పోయకండి.

పని వరుస ఇలా పెట్టుకోండి. ముందు కండక్టర్ స్కోరులో పోలిష్ మాటలన్నీ ఒక పట్టికగా రాసుకుని, ఒక్కో మాటకు ఒకే అనువాదం నిర్ణయించి, ఆ తర్వాతే పార్టులు ముట్టుకోండి. వయొలిన్ వారికి ఒక మాట, చెల్లో వారికి ఇంకో మాట ఉంటే రిహార్సల్ సమయం వాదనలకే పోతుంది. అద్దె పార్టుల మీద మెత్తని పెన్సిల్ తప్ప మరేదీ వాడకండి, జిగురు కాగితాలు అసలే వద్దు, పాత కాగితం వాటితో పాటు ఊడి వస్తుంది, నష్టపరిహారం మీ ఆర్కెస్ట్రా కట్టాలి. వేగాన్ని చెప్పే మాటలు, వాయించే పద్ధతిని చెప్పే మాటలు వరుసకు పైన, ధ్వని హెచ్చుతగ్గులు కింద రాయండి. పొడుగాటి వివరణలను పార్టులో ఇరికించకుండా ఒక విడి కాగితం మీద రాసి ప్రతి స్టాండు మీదా ఒకటి పెట్టండి. మీరు వయోలా వారు కాబట్టి మీ విభాగం పార్టును ముందు పూర్తి చేసి, పక్కనున్నవారి చేత వాయింపించి చూడండి. ఎక్కడ ఒక్క క్షణం కళ్లు ఆగాయో అక్కడ మీ మాట పొడుగైందన్నమాట.

ఇక ‘ఒకులారి’. ఆ మాటకు కళ్లజోడు అని అర్థం. దాన్ని పార్టులో ఎక్కడ రాశారో మీరు చెప్పలేదు. వాద్యకారులు చిక్కు ఉన్న చోట తమకు తాము హెచ్చరికగా కళ్లజోడు బొమ్మ గీసుకుంటారు, బొమ్మకు బదులు ఎవరో మాట రాసుకుని ఉండవచ్చు. ఆ బార్‌లో తాళం మారుతోందా, కండక్టర్‌ను చూడవలసిన చోటా అని చూడండి. అయితే ‘వాచ్’ అని రాసుకోండి. అదే మొదటి పేజీ పైమూలలో, పార్టు పేరు పక్కన ఉంటే, అది రచనకు సంబంధించినది కాదు, ఎప్పుడో ఒక వయోలా పెద్దాయన ఇంటి నుంచి బయలుదేరే ముందు మరిచిపోకూడదని రాసుకున్నది. దాన్ని చెరపకుండా అలాగే వదిలేయండి.